కౌలు పొలం లాంటి ఆయిల్ షేరు

(గుంటూరు బ్రాడీపేటలో, రిటైరైన ఉద్యోగుల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట చెప్పేస్తే తర్వాత నాలుగో లైన్లో నన్ను ఆపి ఎవరూ నిలదీయరు. నేను షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ దగ్గర రిజిస్టరైన సలహాదారుణ్ని కాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పాతికేళ్లుగా షేర్లు కొంటున్నాను, కొంత సంపాదించాను, కొంత పోగొట్టుకున్నాను. ఫలానాది కొనండి, ఫలానాది అమ్మేయండి అని ఇవాళ చెప్పను.

నాకిచ్చిన ప్రశ్న ఇదీ: ఎలక్ట్రిక్ బళ్లు వచ్చేస్తున్నాయి కదా, ఆయిల్ కంపెనీల షేర్లు ఉంచుకోవాలా, వదిలించుకోవాలా? మంచి ప్రశ్నే. కానీ దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటుంది. ఆ షేరు కొన్నప్పుడు మన చేతికి వచ్చేదేమిటి?

గుంటూరులో నిలబడి ఈ సంగతి చెప్పడం తేలిక. మన మిర్చి యార్డునే తీసుకోండి. కాయ పండించే రైతున్నాడు. కాయ కొని కారం పట్టించే మిల్లుంది. ఆ కారాన్ని ప్యాకెట్లలో అమ్మే కొట్టుంది. క్వింటా ఇరవై వేలు దాటిన ఏడాది రైతు కూతురి పెళ్లి చేస్తాడు. పడిపోయిన ఏడాది కూలి డబ్బులకు కూడా వెతుక్కుంటాడు. 2025 ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయలని కట్టినప్పుడు యార్డులో పరిస్థితి ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. మిల్లు సంగతి వేరు. కాయ రేటు ఎంతైనా సరే, కొన్న రేటుకీ అమ్మిన రేటుకీ నడుమ ఎంత మిగిలిందన్నదే దాని లెక్క.

ఆయిల్లోనూ అంతే. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా రైతులు. భూమిలోంచి, సముద్రంలోంచి తీస్తారు, ప్రపంచం ఏ రేటిస్తే ఆ రేటుకు అమ్ముతారు. ఇండియన్ ఆయిల్, బీపీసీఎల్, హెచ్‌పీసీఎల్‌లు మిల్లూ కొట్టూ కలిపి నడుపుతున్నాయి. విశాఖలో పొగగొట్టాలు కనిపించే హెచ్‌పీసీఎల్ రిఫైనరీ మిల్లు, మన బైపాస్ మీద బంకు కొట్టు. వీళ్లందరినీ కలిపి మనం ‘ఆయిల్ షేర్లు’ అంటాం. టీవీలో క్రూడ్, అంటే ముడి చమురు, రేటు పెరిగిందని వినగానే మా పాత సహోద్యోగి ఒకాయన పరుగున వెళ్లి మిల్లు షేరు కొన్నాడు. కాయ రేటు పెరిగితే కారం మిల్లు లాభపడుతుందా అని అడిగితే నోరు తెరిచాడు. ఆ తప్పు మీరు చేయకపోతే ఇవాళ మీరు ఇక్కడికి వచ్చినందుకు ఆటో ఛార్జీలు గిట్టినట్టే.

సరుకు రేటు ఎంత దూరం పడగలదో కూడా కోల్డ్ స్టోరేజీ తెలిసిన మనకు ఇట్టే అర్థమవుతుంది. 2020 ఏప్రిల్ 20న అమెరికా క్రూడ్‌ను మే నెలలో దించుకునే కాంట్రాక్టు రేటు బ్యారెల్‌కు సున్నాకు దిగువన, మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. కరోనాకు ప్రపంచం ఇంట్లో కూర్చుంది, ఓక్లహోమాలో సరుకు దించుకోవాల్సిన ట్యాంకుల్లో చోటు అయిపోతోంది. కోల్డ్ స్టోరేజీలన్నీ నిండిపోయి, చేతిలో ఇంకా వెయ్యి టిక్కీల మిర్చి బస్తాలుండి, రేపు దించుకోక తప్పదంటే మీరైనా ఎదురు డబ్బిచ్చి వదిలించుకుంటారు. సున్నా కంటే కిందకు ఏం పోతుందిలే అని ఇక్కడి సరుకుల ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో కొని కూర్చున్నవాళ్లకు బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల చొప్పున లెక్క తేల్చారు. అది ఫ్యూచర్స్ ఆట, రాబోయే నెలల రేటు మీద కట్టే పందెం. షేరు సున్నా దాటి కిందకు పోదు, అదొక్కటే ఊరట.

ఇక రైతు ఎవరి పొలం చేస్తున్నాడో చూద్దాం. ఇక్కడే మన కంపెనీల అసలు కథంతా ఉంది, అందుకని కాస్త ఎక్కువసేపు తీసుకుంటాను.

ఓఎన్‌జీసీలో దాదాపు 59 శాతం కేంద్ర ప్రభుత్వానిది. పన్ను వేసేదీ ప్రభుత్వమే, గ్యాస్ రేటు కట్టేదీ ప్రభుత్వమే, డైరెక్టర్లను నియమించేదీ ప్రభుత్వమే. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో క్రూడ్ వంద డాలర్లు దాటింది. రైతు పంట పండిందనుకున్నాం. జూలై 1న, అనుకోకుండా వచ్చిన లాభం మీద వేసే విండ్‌ఫాల్ పన్ను వచ్చి పడింది, దేశంలో తీసిన క్రూడ్ మీద టన్నుకు 23,250 రూపాయలు. బ్యారెల్ లెక్కకు మారిస్తే దాదాపు 40 డాలర్లు. తర్వాత తగ్గిస్తూ, పెంచుతూ చివరికి 2024 డిసెంబరులో ఎత్తేశారు. మంచి రేటు వచ్చిన ఏడాది మోటుగా కౌలు పెంచే భూస్వామిని మన పల్నాడులో ఏమంటారో మీకు తెలుసు, మైకులో అనలేను.

పాత క్షేత్రాల గ్యాస్ సంగతీ అంతే. 2023 ఏప్రిల్ నుంచి ఆ రేటును క్రూడ్ రేటులో పదో వంతుగా లెక్కగట్టి, మొదట 6.5 డాలర్లు దాటకుండా పైన కప్పు వేశారు. కిందకు 4 డాలర్ల అడుగు కూడా ఉంది కాబట్టి ఇది పూర్తిగా అన్యాయమని నేననను. పొదుపుగా బతికే రైతుకు అది ఒక రకమైన మద్దతు ధరే.

మిల్లుల వైపు చూడండి. పెట్రోలు రేటు మీద ప్రభుత్వం పట్టు 2010లో వదిలిందన్నారు, డీజిల్ మీద 2014లో వదిలిందన్నారు. కాగితం మీద నిజమే. 2022 ఏప్రిల్ తర్వాత రెండేళ్ల పాటు బంకుల్లో కంపెనీలు రేటు కదపలేదు. 2024 మార్చిలో, ఎన్నికల ముంగిట, రెండు రూపాయలు తగ్గించారు. ఈలోగా హెచ్‌పీసీఎల్ లెక్కలు ఎలా ఊగాయో వినండి. 2022-23లో 8,974 కోట్ల నష్టం. మరుసటి ఏడాది 14,694 కోట్ల లాభం. అవే రిఫైనరీలు, అవే బంకులు, అదే సిబ్బంది. మారినవల్లా కాయ రేటూ, యజమాని అమ్ముకోనిచ్చిన రేటూ. గ్యాస్ సిలిండర్ల నష్టానికని 2022 అక్టోబరులో కేంద్రమే ఈ మూడు కంపెనీలకూ కలిపి 22,000 కోట్లు ఇచ్చింది. తీసుకునే చెయ్యే ఇస్తుంది కూడా, కాకపోతే ఎప్పుడు, ఎంత అన్నది వాటాదారుడి చేతిలో లేదు.

యజమాని అవసరానికి రైతు డబ్బు కూడా వాడుకోవచ్చు. 2018 జనవరిలో ప్రభుత్వం హెచ్‌పీసీఎల్‌లోని తన 51.11 శాతాన్ని ఓఎన్‌జీసీకి 36,915 కోట్లకు అమ్మింది. పెట్టుబడుల ఉపసంహరణ లక్ష్యం నెరవేరింది. ఓఎన్‌జీసీ పుస్తకాల్లోకి అప్పు వచ్చి చేరింది. దానికి ముందు ఏడాదే గుజరాత్ ప్రభుత్వ సంస్థ నుంచి మన కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లోని ఒక బ్లాకులో 80 శాతం వాటాను 7,738 కోట్లు పోసి కొంది. అవి ఓఎన్‌జీసీ తనకు తానుగా కోరుకున్న కొనుగోళ్లేనా అని అడిగితే నాకు అనుమానమే.

కేజీ బేసిన్ అన్నాను కాబట్టి నా సొంత అవివేకం ఒకటి ఒప్పుకోవాలి. 2008లో ఇక్కడ అందరికీ గ్యాస్ పిచ్చి పట్టింది. మన సముద్రం కింద బంగారం ఉందన్నారు. అరండల్‌పేటలో ఒక బ్రోకరు ఆఫీసులో ఎవరో చెవిలో ఊదితే, బావులు తవ్వే ఒక చిన్న కంపెనీ షేర్లు కొన్నాను. ఆ డబ్బు మా అమ్మాయి ఇంజనీరింగు ఫీజుకని దాచింది. ఏడాదిన్నరలో అది పదో వంతుకు వచ్చింది. మా ఆవిడ ఇప్పటికీ ఇంట్లో గ్యాస్ అయిపోతే “మీ బావిలోంచి కాస్త తెండి” అంటుంది.

పెద్ద బావులకే దిక్కు లేకపోయింది మరి. రిలయన్స్ కేజీ-డీ6లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, 2010లో రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లింది. అంచనా వేసుకున్నది ఎనిమిది కోట్లు. తర్వాత జారడం మొదలై, ఆ మొదటి క్షేత్రాలను 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆపేశారు. ఆ గ్యాస్ వస్తుందని నమ్మి కృష్ణా, గోదావరి జిల్లాల్లో కట్టిన కరెంటు ప్లాంట్లు ఏళ్ల తరబడి ఖాళీగా నిలబడ్డాయి. పక్కనే ఉన్న కొత్త బావుల్లో మళ్లీ గ్యాస్ వచ్చింది, కాకినాడకు ఎదురుగా సముద్రంలో ఓఎన్‌జీసీ 2024 జనవరిలో కొత్తగా క్రూడ్ తీసింది, కాదనను. బావి అంటే తరిగిపోయే ఆస్తి అని చెప్పడానికే ఇదంతా. భూమి మీద ప్రతి ఏడూ మళ్లీ పంట వేస్తాం. బావిలో తీసిందల్లా తరుగే. రోజూ కొత్త చోట తవ్వుతూ ఉంటే తప్ప కంపెనీ ఉన్నచోట ఉండలేదు. ఆ తవ్వకాల ఖరీదు మనం పెట్టే డబ్బు ఒక్కటే కాదు కూడా. 1995లో పాశర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది. ఆ వేడిని భరించిన కోనసీమ వాళ్ల చేతిలో షేర్లేమీ లేవు.

సరే, ఎలక్ట్రిక్ బళ్లు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023లో, ప్రపంచ ఆయిల్ గిరాకీ 2030 లోపే శిఖరానికి చేరుతుందని రాసింది. ఒపెక్ 2024లో, 2050 నాటికి రోజుకు 12 కోట్ల బ్యారెళ్లు వాడతారని రాసింది. ఇద్దరి దగ్గరా పెద్ద పెద్ద నిపుణులే. ఒకరు కొనేవాళ్ల సంఘం, ఒకరు అమ్మేవాళ్ల సంఘం అని గుర్తుపెట్టుకుంటే చాలు. యార్డులో కమీషన్ వ్యాపారినీ ఎగుమతిదారునీ రేపటి రేటు అడిగితే ఒకే మాట చెప్తారా?

మన దేశం సంగతి ఇంకాస్త తేటగా కనిపిస్తుంది. 2024-25లో మొత్తం పెట్రో ఉత్పత్తులు దాదాపు 24 కోట్ల టన్నులు వాడాం. అందులో డీజిల్ 9 కోట్లు, పెట్రోలు 4 కోట్లు. మిగిలింది వంటగ్యాసు, నాఫ్తా, తారు, విమాన ఇంధనం వగైరా. ఆ ఏడాది అమ్ముడైన టూవీలర్లలో ఎలక్ట్రిక్‌వి నూటికి ఆరు. మూడు చక్రాల బళ్లలో అయితే సగానికి పైగా. అంటే ముందుగా దెబ్బ తగిలేది ఆ 4 కోట్ల పెట్రోలుకు. పెట్రోలులో కలిపే ఇథనాల్ కూడా అందులోనే ఇరవై శాతం చోటు తీసుకుంది. డీజిల్ లారీల్లో ఉంది, ట్రాక్టర్లలో ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు బ్యాటరీ రిపేరు షెడ్లుగా మారిన రోజు నేను డీజిల్ గురించి కంగారు పడతాను. ఇప్పటికైతే అక్కడ గ్రీజు వాసనే వస్తోంది.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది, ఈ అయోమయంలో కంపెనీలు మన డబ్బుతో ఏం చేస్తాయన్నది. బ్రిటన్‌కు చెందిన బీపీ 2020లో, పదేళ్లలో ఆయిల్, గ్యాస్ ఉత్పత్తి 40 శాతం తగ్గిస్తానంది. 2023లో కాదు 25 అంది. 2025లో అదీ వదిలేసి మళ్లీ ఆయిల్ మీదే ఖర్చు పెంచుతానంది. మన దగ్గర 2024 డిసెంబరులో బీపీసీఎల్, ఆంధ్ర తీరంలో కొత్త రిఫైనరీ ముందస్తు పనులకే 6,100 కోట్లకు ఒప్పుకుంది. మన ఊళ్లకు ఉద్యోగాలొస్తాయి, ఆంధ్రవాడిగా సంతోషం. వాటాదారుగా మాత్రం, అది పూర్తయ్యే నాటికి పెట్రోలు ఎవరు కొంటారని అడుగుతాను. ఓఎన్‌జీసీ, ఎన్‌టీపీసీ కలిసి 2025లో అయానా అనే సోలార్, గాలి కరెంటు కంపెనీని 19,500 కోట్ల విలువ కట్టి కొన్నాయి. అదైనా మంచి రేటుకు కొన్నారా అన్నది తేలడానికి టైం పడుతుంది.

ఇన్ని తెలియని విషయాలున్నప్పుడు నేను చేసే లెక్క చాలా మోటుది. కౌలుకు తీసుకునేవాడు ఆ పొలం రేపు కోటి పలుకుతుందా అని చూడడు, ఎందుకంటే అమ్ముకునే హక్కు తనకు లేదు. ఎన్ని పంటలు దక్కుతాయి, కౌలు ఎంత, అదే చూస్తాడు. ఆయిల్ షేరును నేను అలాగే చూస్తాను. షేరును రేపు అమ్ముకోవచ్చు, నిజమే, కానీ ఆ రేటు మీద ఆశ పెట్టుకోను. ఓఎన్‌జీసీ 2023-24కు షేరుకు 12 రూపాయల పైచిలుకు డివిడెండ్, అంటే లాభంలో వాటా, ఇచ్చింది. అదే ఏటా వస్తుందనుకుందాం. 250కి కొన్నవాడి పెట్టుబడి తిరిగి రావడానికి ఇరవై ఏళ్లు, అదీ పన్ను లెక్క వేయకుండా. 120కి కొన్నవాడికి పదేళ్లు. షేరు ఒకటే, కంపెనీ ఒకటే, వాళ్లిద్దరూ చేసింది మాత్రం వేర్వేరు బేరాలు. ఆ షేరు 2020 మార్చిలో 70 రూపాయలకు లోపే దొరికింది, 2024 ఆగస్టులో 340 దాకా వెళ్లింది. అయితే 2014 మధ్యలో, తర్వాత ఉచితంగా ఇచ్చిన బోనస్ షేర్లను సర్దుబాటు చేసి చూస్తే, 300 దగ్గర కొన్నవాడు కూడా ఉన్నాడు. పదేళ్లకు అతని చేతికి మిగిలినవి దాదాపు డివిడెండ్లే.

ఈ లెక్కతో ఇప్పుడు నా దగ్గరున్న మొత్తంలో ఆయిల్ వాటా నూటికి ఏడు దాటనివ్వను. టీవీలో యుద్ధం వార్త వచ్చిన వారం కొనను. డివిడెండ్ ప్రకటించాక పరుగెత్తి కొనేవాళ్లున్నారు, ఆ డివిడెండ్ హక్కు తెగే రోజున షేరు దాదాపు అంత మేరకు దిగడం చూసి మోసం అంటారు. ఒక ఏడాది లాభం చూసి రేటు చవకని అనుకోను, కనీసం ఐదేళ్లవి సగటు తీస్తాను. హెచ్‌పీసీఎల్ ఆ రెండేళ్లూ చెప్పాను కదా, అందుకు.

మొదటి వరసలోంచి మేడం గారు చీటీ పంపించారు. “మా మనవడికి ఇప్పుడు రెండేళ్లు. వాడి చదువుకు ఇరవై ఏళ్లకని ఆయిల్ షేర్లు కొనిపెట్టవచ్చా?” వద్దమ్మా. నేనైతే కొనను. వాడికి, మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటినీ కలిపి కొనే ఇండెక్స్ ఫండ్‌లో నెలనెలా వేయండి, అందులో ఈ కంపెనీలూ ఎలాగూ కొంచెం ఉంటాయి, అవి చిన్నబోతే వాటంతట అవే పక్కకు పోతాయి. మీ పెన్షన్‌కు తోడుగా ఐదారేళ్లు డివిడెండ్ కావాలంటే అప్పుడు రేటు చూసి మాట్లాడుకుందాం. టీ వచ్చినట్టుంది, మిగతా చీటీలు తాగుతూ చూద్దాం.