సుజుకిని వెళ్లగొట్టింది సినిమా అర్థం కాక కాదు

ప్రేక్షక మిత్రులకు నమస్కారం. జపాన్ దర్శకుడు సెయిజున్ సుజుకి పేరెత్తితే చాలు, అందరూ ఒకే కథ చెబుతారు: 1967లో 'బ్రాండెడ్ టు కిల్' తీశారు, నిక్కత్సు కంపెనీ అధినేత క్యుసాకు హోరికి అది బోధపడలేదు, మరుసటి ఏడాది ఉద్యోగం ఊడింది. నేను ఈ కథను నమ్మను. అర్థం కాలేదన్నది సాకు. టెలివిజన్ మీద ఉన్న కోపాన్ని హోరి సుజుకి మీద చూపారు. మన పెద్దలు అత్త మీది కోపం దుత్త మీద అనేది సరిగ్గా ఇలాంటి వాటినే.

ఆ సినిమా చూసినవారికి రెండు సన్నివేశాలు జీవితాంతం గుర్తుంటాయి. అన్నం ఉడికే వాసన పీలిస్తే తప్ప ప్రాణం కుదుటపడని కిరాయి హంతకుడు కుక్కర్ మీదికి వంగి ఆ ఆవిరిని తనివితీరా లోపలికి పీల్చుకుంటాడు. అదే మనిషి గురి చూసి మీట నొక్కబోయే క్షణంలో ఒక సీతాకోకచిలుక వచ్చి తుపాకీ గొట్టం చివర వాలుతుంది, గురి తప్పుతుంది, ఆ ఒక్క తప్పుతో అతని పతనం మొదలవుతుంది. ఇందులో అర్థం కానిదేముంది? చిన్న పిల్లవాడికైనా తెలుస్తుంది!

1956 నుండి పన్నెండేళ్లలో సుజుకి ఆ కంపెనీకి 40 చిత్రాలు తీసిపెట్టారు. ఒకే టికెట్టు మీద రెండు బొమ్మలు వేసే ఆ రోజుల్లో, పెద్ద చిత్రానికి జతగా వెళ్లే చిన్న చిత్రాలే ఎక్కువగా ఆయన వంతుకు వచ్చేవి. కథ వాళ్లది, నటులు వాళ్లవారు, గడువు వాళ్లది. 1966లో 'టోక్యో డ్రిఫ్టర్'లో గోడలకూ దుస్తులకూ రంగులు కుమ్మరించారు. ఆ తరువాత అక్కడ ఆయన తీసిన రెండు చిత్రాలూ నలుపు తెలుపువే. అయినా ఆయన సణగలేదు, ఆ నలుపు తెలుపులతోనే కళ్లు చెదిరేలా తీశారు.

1968 ఏప్రిల్‌లో, ఈ నెల జీతం రాదని కంపెనీ నుండి ఒక ఫోన్ వచ్చింది. అంతే. పన్నెండేళ్ల చాకిరీకి ముఖాముఖి ఒక్క మాటైనా లేదు. అదే సమయంలో ఒక సినీ క్లబ్బు ఆయన చిత్రాలు 37 వరుసగా ప్రదర్శించాలని అడిగితే, హోరి ప్రింట్లు ఇవ్వనన్నారు. బోధపడనిది ఒక్కటే అయితే, మిగిలిన 36 చిత్రాలకు తాళం ఎందుకు వేశారు? ఈ ప్రశ్నకు నాకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

జవాబు థియేటర్లలో ఉంది. 1958లో జపాన్‌లో 112 కోట్లకు పైగా టికెట్లు తెగాయి. జనం టెలివిజన్ ముందు కూర్చోవడంతో, పదేళ్లు తిరిగేసరికి అందులో మూడో వంతు కూడా తెగలేదు. నష్టాల్లో ఉన్న నిక్కత్సుకు నింద మోపడానికి ఒక మనిషి కావాలి, సుజుకి దొరికారు. ఆయన కోర్టుకెక్కారు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, దర్శకుల సంఘం అండగా నిలిచింది. 1971లో 10 లక్షల యెన్‌లకు రాజీ కుదిరింది. సుజుకిని తీసేసినందువల్ల కంపెనీ బాగుపడిందా? అదే ఏడాది మామూలు చిత్రాల నిర్మాణం ఆపి, శృంగార చిత్రాలకు దిగింది.

రాజీ కుదిరినా పెద్ద కంపెనీలేవీ ఆయనకు తలుపు తీయలేదు. 'బ్రాండెడ్ టు కిల్' తరువాత ఆయన మరో కథాచిత్రం విడుదలకు నోచుకోవడానికి 1977 దాకా పట్టింది. నడివయసులో చేవ ఉన్న పదేళ్లు వాణిజ్య ప్రకటనలకూ వ్యాసాలకూ ఖర్చయ్యాయి. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

1980లో 'జిగోయ్నర్‌వైజెన్' తీస్తే థియేటర్ల వారు వేసేది లేదన్నారు. నిర్మాత గెంజిరో అరాటో గాలి నింపిన గుమ్మటం లాంటి గుడారం వేసి అందులో ఆడించారు. చచ్చినవాడెవడో బతికినవాడెవడో తేలని ఆ చిత్రం ముందు 'బ్రాండెడ్ టు కిల్' పెద్దబాలశిక్ష లాంటిది. అయినా జనం గుడారానికి వెతుక్కుంటూ వచ్చి చూశారు, కినెమా జుంపో పత్రిక ఆ ఏటి ఉత్తమ చిత్రంగా ఎంచింది, 1981లో బెర్లిన్ ఉత్సవంలో ప్రత్యేక ప్రశంస దక్కింది.