గేర్‌బాక్స్ ఆయిల్ మైనస్ 40 డిగ్రీలట! సెన్సర్ మార్చే ముందు ఇవి చూడండి

[స్కానర్ స్క్రీన్ దగ్గరగా. కూలెంట్: 88. గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్: -40.]

హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డ్ దాకా ట్రాఫిక్‌లో నలిగి వచ్చిన ఆటోమేటిక్ బండి ఇది. కూలెంట్ 88 డిగ్రీలు చూపిస్తోంది, బాగానే ఉంది. గేర్‌బాక్స్ ఆయిల్ మాత్రం మైనస్ 40 అంటోంది. బెంగళూరులో మైనస్ 40 ఎక్కడిది? సెన్సర్ నుంచి తనకు సిగ్నల్ అందనప్పుడు గేర్‌బాక్స్ కంప్యూటర్ చూపించే అట్టడుగు అంకె అది. ఎక్కడో సర్క్యూట్ తెగిందని అర్థం. తెగింది సెన్సరా, వైరా, కనెక్టర్ పిన్నా అన్నది ఆ అంకె చెప్పదు.

ఖరీదైన ఎస్‌యూవీల్లో ఈ తేడా తెలియకుండా పని మొదలుపెడితే బిల్లు లక్షల్లోకి పోతుంది. చాలా మోడళ్లలో ఈ సెన్సర్ విడిగా దొరకదు, పెద్ద యూనిట్‌లో భాగంగానే వస్తుంది. అందుకే గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పకముందే తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి.

[బల్ల మీద రెండు వైర్ల సెన్సర్, మల్టీమీటర్.]

ముందు ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. లోపల ఉన్నది థర్మిస్టర్, అంటే వేడిని బట్టి రెసిస్టెన్స్ మారే ముక్క. ఎక్కువ బండ్లలో వాడేది ఎన్‌టీసీ రకం, అంటే వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. కంప్యూటర్ తన లోపలి రెసిస్టర్ గుండా 5 వోల్టులు పంపి, సెన్సర్ దగ్గర ఎంత మిగిలిందో కొలుస్తుంది. వైరు తెగితే మొత్తం 5 వోల్టులూ కనిపిస్తాయి, కంప్యూటర్ దాన్ని విపరీతమైన చలి అనుకుంటుంది. వైరు ఎర్త్‌కు తగిలితే దాదాపు సున్నా వోల్టులు, అంటే విపరీతమైన వేడి. టొయోటా స్కానర్‌లో ఈ రెండు కొసలు మైనస్ 40, 150 డిగ్రీలు.

స్కానర్ ఇచ్చే తప్పుల కోడ్‌లను కూడా ఇలాగే చదవాలి. పీ0710 అంటే సర్క్యూట్‌లో ఏదో తేడా ఉందని మాత్రమే. పీ0712లో వోల్టేజ్ తక్కువ, కాబట్టి ముందు షార్ట్ కోసం వెతకాలి. పీ0713లో వోల్టేజ్ ఎక్కువ, అంటే ఎక్కడో ఓపెన్, సర్క్యూట్ తెగింది. పీ0714 వచ్చిపోయే తప్పు. పీ2740 నుంచి మొదలయ్యేవి రెండో సెన్సర్‌వి, కొన్ని గేర్‌బాక్స్‌లకు రెండు ఉంటాయి. అన్నింటికంటే తిప్పలు పెట్టేది పీ0711. సర్క్యూట్ తెగలేదు, షార్ట్ అవలేదు, కానీ రీడింగ్ నమ్మేలా లేదని దాని అర్థం.

ఇంకొకటి, పీ0218. ఇది ఆయిల్ నిజంగానే వేడెక్కిందనే ఫిర్యాదు. దీన్ని చూసి సెన్సర్ మారిస్తే, జ్వరమొచ్చిన మనిషికి మందివ్వకుండా థర్మామీటర్ మార్చినట్టే. దీనితోపాటు పైన చెప్పిన సర్క్యూట్ కోడ్ కూడా వస్తే మాత్రం సర్క్యూట్ తప్పు సంగతి ముందు తేల్చాలి. షార్టయిన సెన్సర్ కూడా అబద్ధపు వేడి చూపించగలదు.

[బండి నడుస్తుండగా డ్యాష్‌బోర్డ్.]

డ్రైవర్‌కు తెలిసే లక్షణాలు బండిని బట్టి మారతాయి. కంప్యూటర్ ఈ రీడింగ్‌ను బట్టే ఆయిల్ ప్రెషర్, గేరు మారే సమయం, టార్క్ కన్వర్టర్ లాకప్ (ఇంజిన్‌నూ గేర్‌బాక్స్‌నూ జారకుండా నేరుగా కలపడం) నిర్ణయిస్తుంది. ఆయిల్ చల్లగా ఉందనుకుంటే లాకప్ ఆపేస్తుంది. హైవేలో ఆర్‌పీఎం ఎక్కువగా నిలబడుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. వేడిగా ఉందనుకుంటే ఇంజిన్ పవర్ తగ్గిస్తుంది, కొన్ని బండ్లు ఒకే గేరులో ఇరుక్కుంటాయి. కొన్నింటిలో కంప్యూటర్ కూలెంట్ రీడింగ్‌తో సర్దుకుపోతుంది. చెక్ ఇంజిన్ లైటు తప్ప ఇంకేమీ తెలియదు.

[ఉదయం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎస్‌యూవీ.]

ఇక పరీక్షలు. మొదటిదానికి పైసా ఖర్చు లేదు, పాన్ విప్పే పనీ లేదు. బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి మూడు రీడింగ్‌లు తీసుకోండి: కూలెంట్, లోపలికి వచ్చే గాలి, గేర్‌బాక్స్ ఆయిల్. రాత్రంతా నిలిపిన బండిలో మూడూ దాదాపు ఒకేలా ఉండాలి. జనవరిలో బెంగళూరు సెల్లార్‌లో పదిహేడు, పద్దెనిమిది దగ్గర, మే నెల చెన్నైలో ముప్పై దగ్గర. ఐదారు డిగ్రీల తేడా ఫర్వాలేదు. గేర్‌బాక్స్ ఒక్కటే 70 అంటుంటే పీ0711 ఎందుకొచ్చిందో తెలిసిపోయినట్టే.

మూడూ కలిస్తే ఇంజిన్ స్టార్ట్ చేసి గ్రాఫ్ పెట్టండి. గేర్‌బాక్స్ ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది, కూలెంట్ కంటే వెనకే వస్తుంది. గ్రాఫ్ నునుపుగా పైకి పోవాలి. సెకనులో 40 డిగ్రీలు ఎగిరి మళ్లీ దిగితే అది ఆయిల్ వేడి కాదు. కదులుతున్న పిన్ను గానీ పగిలిన థర్మిస్టర్ గానీ అయి ఉంటుంది. గ్రాఫ్ చూస్తూనే గేర్‌బాక్స్ కనెక్టర్‌నీ వైర్ల కట్టనూ చేత్తో కదపండి. కదిపినప్పుడల్లా గీత ఎగిరితే తప్పు చేతికి దొరికినట్టే.

వెయ్యి రూపాయల బ్లూటూత్ డాంగిల్ చాలా బండ్లలో గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్ చూపించదు. దానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ వాడాలి: బీఎండబ్ల్యూకి ఇస్టా, బెంజ్‌కి క్సెంట్రీ, టొయోటాకి టెక్‌స్ట్రీమ్, ఆడికి ఓడిస్. లేదంటే ఆ కంపెనీ గేర్‌బాక్స్ మాడ్యూల్‌లోకి వెళ్లగలిగే మంచి స్కానర్ కావాలి. కోడ్ తుడిచే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్‌ను, అంటే తప్పు వచ్చిన క్షణంలో కంప్యూటర్ దాచుకున్న రీడింగ్‌లను, ఫొటో తీసుకోండి. ఏ వేగంలో, ఎంత బ్యాటరీ వోల్టేజ్ దగ్గర తప్పు వచ్చిందో అందులో ఉంటుంది. వోల్టేజ్ తక్కువగా కనిపిస్తే ముందు బ్యాటరీని పరీక్షించండి. ఖరీదైన బండ్లు బలహీనపడ్డ బ్యాటరీతో రకరకాల అబద్ధపు కోడ్‌లు ఇస్తాయి.

[లిఫ్ట్ మీద బండి. గేర్‌బాక్స్ పక్క కనెక్టర్.]

ఇక్కడి నుంచి దారి గేర్‌బాక్స్‌ను బట్టి చీలుతుంది.

టొయోటా ప్రాడో తరహా ఐదు గేర్ల ఏ750 బాక్స్ అయితే పని సులువు. సెన్సర్ వాల్వ్ బాడీ (గేర్లు మార్చే ఆయిల్ దారుల దిమ్మ) వైరింగ్‌లో ఉంటుంది, దాని రెండు వైర్లు బయటి కనెక్టర్ దాకా వస్తాయి. కనెక్టర్ ఊడదీసి గేర్‌బాక్స్ వైపు సెన్సర్ రెండు పిన్‌ల మధ్య రెసిస్టెన్స్ కొలవండి. 10 డిగ్రీల దగ్గర 5 నుంచి 8 కిలో ఓమ్‌లు, 25 దగ్గర 2.5 నుంచి 4.5, 110 దగ్గర 0.22 నుంచి 0.28 కిలో ఓమ్‌లు రావాలి. తర్వాత ఒక్కో పిన్ నుంచి గేర్‌బాక్స్ బాడీకి కొలవండి. అక్కడ ఏ రీడింగూ రాకూడదు. వస్తే లోపల వైరు ఇన్సులేషన్ పోయి బాడీకి తగులుతోంది.

బండి వైపు కనెక్టర్‌ను కూడా పరీక్షించాలి. దీన్ని చాలా వర్క్‌షాపులు వదిలేస్తాయి, నా లెక్కలో అసలు పరీక్ష ఇదే. ఇగ్నిషన్ ఆన్, కనెక్టర్ ఊడి ఉంది, స్కానర్ మైనస్ 40 చూపించాలి. బండి వైపు సెన్సర్ రెండు పిన్‌లనూ సన్నని వైరుతో కలపండి. రీడింగ్ 150కి ఎగరాలి. ఎగిరితే కంప్యూటర్ బాగుంది, దాని దాకా వైరింగ్ బాగుంది, తప్పు గేర్‌బాక్స్ లోపలే. కదలకపోతే బయటి వైరింగో కంప్యూటరో. పిన్ నంబర్లు ఆ బండి వైరింగ్ డయాగ్రామ్‌లో చూసి మాత్రమే కలపండి. పక్కనున్న సోలనాయిడ్ (కరెంటుతో నడిచే వాల్వ్) పిన్‌కు తగిలితే కంప్యూటర్‌కే ఎసరు.

ఒక హెచ్చరిక. ఈ టొయోటాల్లో ఓపెన్ సర్క్యూట్ కోడ్ వెంటనే రాదు. ఇంజిన్ స్టార్టయి 15 నిమిషాలు దాటాకే కంప్యూటర్ ఆ తీర్పు ఇస్తుంది. కోడ్ తుడిచి, గల్లీలో ఒక రౌండు కొట్టి బాగైపోయిందని బండి అప్పగిస్తే, అది ఓనర్ ఆఫీసుకు చేరేలోపే మళ్లీ లైటు వెలుగుతుంది.

[పాత బెంజ్ గేర్‌బాక్స్, కండక్టర్ ప్లేట్.]

పాత బెంజ్ ఎంఎల్‌లోని 722.6 ఐదు గేర్ల బాక్స్‌లో లెక్క తిరగబడుతుంది. అందులో సెన్సర్ కండక్టర్ ప్లేట్ అనే లోపలి ఎలక్ట్రికల్ ప్లేటులో ఉంటుంది, అది పీటీసీ రకం, వేడితో రెసిస్టెన్స్ పెరుగుతుంది. పైగా అది పార్క్–న్యూట్రల్ కాంటాక్ట్‌తో సిరీస్‌లో ఉంటుంది. పీ లోనూ ఎన్ లోనూ ఆ కాంటాక్ట్ తెరుచుకుంటుంది, సెన్సర్ తెగిపోయినట్టే కనిపిస్తుంది. అప్పుడు కంప్యూటర్ ఇంజిన్ టెంపరేచర్‌తో పని నడుపుతుంది. గేరును పార్క్‌లో పెట్టి మీటర్ పెడితే ఎన్నిసార్లు కొలిచినా ఓపెనే వస్తుంది, బాగున్న ప్లేటును మార్చేస్తారు. చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, గేరు డీ లోనో ఆర్ లోనో వేసి కొలవండి.

ఈ బాక్స్‌కు ఇంకో జబ్బు ఉంది. 13 పిన్‌ల కనెక్టర్ దగ్గర ఓ-రింగ్‌లు (రబ్బరు సీళ్లు) గట్టిపడి ఆయిల్ కారుతుంది. అక్కడితో ఆగదు, వైర్ల లోపలి నుంచే పాకి కంప్యూటర్ దాకా వెళ్తుంది. కంప్యూటర్ ప్లగ్ ఊడదీసి చూడండి. ఆయిల్ తడి కనిపిస్తే ముందు కనెక్టర్ మార్చి రెండు కొసలూ శుభ్రం చేయాలి. సెన్సర్ గురించి ఆ తర్వాతే మాట్లాడాలి.

[ప్లాస్టిక్ ఆయిల్ పాన్ ఉన్న గేర్‌బాక్స్.]

బీఎండబ్ల్యూ ఎక్స్5, రేంజ్ రోవర్‌లలో వచ్చే జడ్‌ఎఫ్ 8హెచ్‌పీలో సెన్సర్ వైర్లు బయటికి రావు. సెన్సర్, కంప్యూటర్, వాల్వ్‌లు అన్నీ కలిసి మెకట్రానిక్ అనే ఒకే యూనిట్‌గా గేర్‌బాక్స్ లోపల ఉంటాయి. బెంజ్ 722.9లో కూడా కంప్యూటర్ లోపలి ప్లేటు మీదే ఉంటుంది. వీటి మీద పిన్‌లు కలిపే పరీక్ష పొరపాటున కూడా చేయకండి. బయటి కనెక్టర్‌లో ఉండేవి ముఖ్యంగా పవర్, ఎర్త్, క్యాన్ వైర్లు (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే జత).

కాబట్టి ఇక్కడ పరిశీలించాల్సినవి వేరు. గేర్‌బాక్స్ ఎర్త్ దగ్గర లోడ్ మీద, అంటే కరెంటు పారుతుండగా, వోల్టేజ్ డ్రాప్ 0.1 వోల్టు దాటకూడదు. బ్యాటరీ విప్పి రెండు క్యాన్ వైర్ల మధ్య కొలిస్తే 60 ఓమ్‌ల దగ్గర రావాలి. కనెక్టర్ చుట్టూ ఉండే గుండ్రటి సీలింగ్ స్లీవ్ కారుతోందా, పిన్‌ల మధ్య ఆయిల్ చేరిందా చూడాలి. చెన్నైలో వరద నీళ్లలో నిలబడిన బండి అయితే పిన్‌ల మీద పచ్చటి తుప్పు కోసం భూతద్దంతో వెతకండి. బెంగళూరు సెల్లార్లలో ఎలుకలు కొరికిన వైర్లూ మామూలే. ఇవన్నీ బాగుండి, రాత్రి నిలిపిన బండి పరీక్షలో మాత్రమే రీడింగ్ తప్పుగా వస్తే అప్పుడు మెకట్రానిక్‌ను అనుమానించాలి. చెన్నై పుదుపేట పాత స్పేర్ పార్ట్‌ల బజారులో సెకండ్ హ్యాండ్ దొరికింది కదా అని తెచ్చి బిగించేయకండి. ఈ యూనిట్లకు బండితో కోడింగ్, ప్రోగ్రామింగ్ కావాలి. దానికి దారి దొరికాకే డబ్బు పెట్టండి.

[ఇన్‌ఫ్రారెడ్ గన్ పాన్ మీద గురి.]

రీడింగ్ నిజమో కాదో బయటి నుంచి సరిచూడటానికి ఇన్‌ఫ్రారెడ్ గన్ పనికొస్తుంది. మెరిసే అల్యూమినియం మీద అది తక్కువ చూపిస్తుంది, అందుకని పాన్ మీద చిన్న నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి దాని మీద గురిపెట్టండి. ప్లాస్టిక్ పాన్ అయితే బయటి గోడ లోపలి ఆయిల్ కంటే చల్లగా ఉంటుంది, కచ్చితమైన అంకె ఆశించొద్దు. స్కానర్ 140 అంటోంది, పాన్ 60 దగ్గరే ఉందంటే సెన్సర్ సర్క్యూట్ అబద్ధం చెబుతోంది. పాన్ కూడా చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే కూలర్, దాని థర్మోస్టాట్, ఆయిల్ లెవెల్ చూడండి. మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడో తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడో ఫుల్ లోడుతో మాత్రమే ఈ హెచ్చరిక వస్తుంటే మొదటి అనుమానం కూలింగ్ మీదే.

[స్టీలు గిన్నెలో ఆయిల్, అందులో సెన్సర్, థర్మామీటర్.]

విడిగా వచ్చే సెన్సర్‌ను బల్ల మీదే పరీక్షించొచ్చు. గేర్‌బాక్స్ ఆయిల్‌లో ముంచి గిన్నెను వేడినీళ్లలో పెట్టండి, మంట మీద నేరుగా వద్దు. 30, 50, 70, 90 దగ్గర రెసిస్టెన్స్ రాసుకోండి. ఎన్‌టీసీ రకమైతే మెట్టు మెట్టుకీ తగ్గాలి, మధ్యలో ఎగరకూడదు. ఇక్కడో చిన్న విషయం. బెంగళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నై అలవాటుతో మరిగే నీళ్లను 100 అని లెక్కేయకుండా థర్మామీటర్ వాడండి.

[ఆయిల్ నింపే బోల్టు. స్కానర్‌లో టెంపరేచర్ 38.]

చివరి పని ఆయిల్ లెవెల్. సెన్సర్ తప్పు చేసే అసలు నష్టం ఇక్కడే. ఈ బాక్స్‌లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. 8హెచ్‌పీలో ఇంజిన్ నడుస్తుండగా, గేర్లు ఒక్కొక్కటీ వేసి తీసి, ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఫిల్ హోల్ నుంచి సన్నగా పొర్లే దాకా నింపాలి. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది. స్కానర్ 40 అంటుంటే లోపల నిజంగా 75 ఉంటే తక్కువ ఆయిల్‌తోనే పొర్లుతుంది, నిండిందని మూసేస్తారు. బండి చల్లబడ్డాక లెవెల్ పడిపోతుంది, పంపు గాలి పీలుస్తుంది, క్లచ్‌లు కాలతాయి. కాబట్టి రీడింగ్ మీద అనుమానమున్న బండికి బోల్టు తీసే ముందే టేపూ గన్నూ పెట్టి సరిచూడండి. ఎవరైనా ఇటీవల ఆయిల్ మార్చి ఉంటే లెవెల్ మళ్లీ చూడండి. సెన్సర్ క్లిప్ సరిగా కూర్చోక వేలాడుతోందేమో, పాన్ పెట్టేటప్పుడు వైరు నలిగిందేమో కూడా చూడండి.

రిపేరయ్యాక కోడ్‌లు తుడిచి, ఆ కంపెనీ చెప్పిన పద్ధతిలో అడాప్టేషన్ (గేరు మార్పులను కంప్యూటర్‌కు మళ్లీ నేర్పించడం) చేసి, హోస్కోటె వైపు కనీసం అరగంట నడపండి. మర్నాడు పొద్దున చల్లటి బండిలో మూడు రీడింగ్‌లూ మరోసారి పోల్చి, పెండింగ్ కోడ్ (ఇంకా లైటు వెలిగించని తప్పు) లేదని చూసుకున్నాకే తాళాలు ఇవ్వండి.