బోటుకి పెట్రోలు మీటరు పెట్టించాను, కిలోమీటరుకి ఎంత పడుతోందో చూడండి

అందరికీ నమస్కారమండి. వెనక వినపడుతున్నది పంటు హారను, పంటు అంటే జనాన్నీ బళ్లనీ నది దాటించే పడవ. నరసాపురం రేవు పక్కనే కూర్చుని మాట్లాడుతున్నాను, అటు సఖినేటిపల్లి వెళ్లే పంటు బయల్దేరినప్పుడల్లా ఓ నిమిషం ఆగాల్సి వస్తుంది. ఏమీ అనుకోకండి.

ఈ ఫ్యూయల్ మీటరు నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు నెల రోజులు వాడుకుని తిరిగి పంపమని ఇచ్చారు. డబ్బులైతే తీసుకోలేదు. పేరు, ధర, స్పెసిఫికేషన్లు వాళ్ల పేజీలో చూసే వచ్చుంటారు కాబట్టి అవి నేను చదవను. నీళ్లు పడితే పాడవుతుందా అంటే, నెలంతా తడుస్తూనే ఉంది, బాగానే ఉంది. అంతవరకు మార్కులు వేసేద్దాం.

అసలు విషయానికి వద్దాం. బోటు కొన్నప్పటి నుంచీ అందరూ అడిగేది ఒకటే, "గంటకి ఎంత తాగుతుంది?" అని. నాది పదహారడుగుల ఫైబర్ బోటు, 40 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్. ఫుల్ థ్రాటిల్ కొడితే ఎంత తాగుతుందో తెలియడానికి మీటరు అక్కర్లేదు. పాతకాలపు లెక్క ఒకటుంది. హార్స్‌పవర్‌ని పదితో భాగిస్తే గంటకి ఎన్ని అమెరికన్ గ్యాలన్లో వస్తుంది. గ్యాలను అంటే దాదాపు 3.8 లీటర్లు. మన 40కి నాలుగు గ్యాలన్లు, అంటే పదిహేను లీటర్లు. మీటరు కూడా ఫుల్ థ్రాటిల్‌లో సరిగ్గా పదిహేనే చూపించింది. పెట్రోలు లీటరు 110 అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది. గంటకి 1650 రూపాయలు. ఇది వినగానే మా ఇంట్లో బోటు అమ్మేయమన్నారు.

కానీ గంట లెక్కతో పని జరగదండి. మనం వెళ్లేది దూరం. ఈ మీటరులో నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది ఒకే ఒక్క స్క్రీను. జీపీఎస్ కలిపితే లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో అప్పటికప్పుడు చూపిస్తుంది. రేటు కొడితే కిలోమీటరుకి ఎన్ని రూపాయలో కూడా చెబుతుంది. వారం రోజులు నేను నదిని చూడలేదు, ఆ స్క్రీనే చూశాను.

ఏం తేలిందో చెప్తాను. మెల్లగా, 9 కిలోమీటర్ల వేగంతో పోతే గంటకి 2.4 లీటర్లు. కిలోమీటరుకి 29 రూపాయలు. సరే, మెల్లగా వెళ్తే చవక, అందరికీ తెలిసిందే. ఇప్పుడు థ్రాటిల్ కొంచెం తోయండి. బోటు ముక్కు పైకి లేస్తుంది, వెనక భాగం నీళ్లలోకి కుంగుతుంది, వెనకాల ఇంత ఎత్తున అల లేస్తుంది. ఎదురుగా ఏం ఉందో కూడా కనపడదు. వేగం చూస్తే పదహారే, పెట్రోలు మాత్రం గంటకి 7 లీటర్లు. కిలోమీటరుకి 48 రూపాయలు! బోటు తన ముందున్న నీళ్ల గుట్టని తనే ఎక్కలేక అవస్థ పడుతుంటుంది. ఇంకాస్త తోయండి. ముక్కు దిగుతుంది, బోటు నీళ్ల మీదకి ఎక్కేస్తుంది, దీన్నే ప్లేన్ అవడం అంటారు. 30 దగ్గర స్థిరంగా పెడితే గంటకి ఎనిమిదిన్నర లీటర్లు. కిలోమీటరుకి 31. అంటే మెల్లగా పోయినదానికి రెండు రూపాయలే ఎక్కువ, మూడు రెట్లు వేగం. అక్కణ్ణుంచి ఫుల్ కొడితే 45 వస్తుంది, 37 రూపాయలు పడుతుంది.

ఇన్నేళ్లూ నేనేం చేశానో తెలుసా? పెట్రోలు ఆదా అనుకుని పదిహేను, పదహారులో పెట్టుకుని జాగ్రత్తగా పోయేవాణ్ణి. పాపం, అన్నిటికంటే ఖరీదైన వేగం అదేనండి. ముక్కు లేచి ఉందంటే జేబులోంచి డబ్బులు జారిపోతున్నట్టే. అటు తగ్గించండి, లేదా ఇటు పెంచండి, మధ్యలో మాత్రం ఉండకండి.

ఈ అంకెలు నా బోటువి, ఇద్దరు మనుషులతో. మొన్న మా బావ వాళ్లు వచ్చారు, మొత్తం ఐదుగురం, పైన ఐసు పెట్టె. బోటు ప్లేన్ అవడానికే చాలాసేపు పట్టింది. అందర్నీ ముందుకు జరిగి కూర్చోమంటే తప్ప ఎక్కలేదు. బావ వెనకే కూర్చుంటానన్నాడు, ఆయన బరువు సంగతి ఇక్కడ చెప్పడం బాగుండదు.

ఇక పోటూ పాటూ, అంటే సముద్రపు నీళ్లు నదిలోకి ఎక్కడం, మళ్లీ వెనక్కి తీయడం. మన వశిష్ట గోదావరిలో ఇక్కడిదాకా సముద్రం పోటు వస్తుంది. నీళ్లు గంటకి 3 కిలోమీటర్లు ఎదురొస్తున్నాయనుకోండి. మెల్లగా తొమ్మిదిలో పోయేవాడికి మిగిలేది ఆరే, కిలోమీటరుకి 29 కాస్తా 44 అయి కూర్చుంటుంది. ముప్ఫైలో పోయేవాడికి 31 వచ్చేది 35 దగ్గర ఆగుతుంది. అందుకే ఎదురు నీటిలో నిదానమే మంచిదనే మాట బోటుకి అన్నివేళలా వర్తించదు. నీళ్లు మనవైపు ఉన్నప్పుడు నిదానంగా పోండి, 22 రూపాయలకే కిలోమీటరు వస్తుంది. ఇది మా రేవులో పడవ నడిపే సరంగు బాబాయి ఏ మీటరూ లేకుండా ఎప్పుడో చెప్పాడు, "పాటు చూసుకుని కిందకి, పోటు చూసుకుని పైకి" అని. నేనే వినలేదు.

నా పాత ఇంజిన్ టూ స్ట్రోక్, 25 హార్స్‌పవర్, సెకండ్ హ్యాండు. దానికి పాతిక లీటర్ల ట్యాంకులో అరలీటరు ఆయిలు కలపాలి, యాభైకి ఒకటి. ఒకసారి కలిపానో లేదో గుర్తులేక మళ్లీ కలిపాను, రేవంతా పొగే. ఆ ఆయిలు ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు. పెట్రోలు రేవుదాకా తెచ్చుకునే ఆటో ఖర్చూ వేయరు. బంకులో క్యాను చూపిస్తే లూజు పెట్రోలు ఇవ్వం పొమ్మంటారు, బతిమాలాలి. ఇంకో సంగతి, ఇప్పుడు మనకొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. దానిలో సత్తువ పెట్రోలుకంటే తక్కువ, పైగా తేమని పీల్చుకుంటుంది. చాలా బోటు ఇంజిన్ల మాన్యువల్లో 10 శాతం దాకానే ఒప్పుకుంటారు, మీది ఒకసారి చూసుకోండి. నేనైతే ట్యాంకులో వారాల తరబడి నిల్వ ఉంచడం మానేశాను, నీటిని వేరుచేసే ఫిల్టరు పెట్టించాను. ఇంజిన్ కింద నీళ్లలో తిరిగే ఫ్యానుకి గుర్రపుడెక్క చుట్టుకుంటే ఏ లెక్కా పనిచేయదు, అది వేరే వీడియో.

మీటరు బిగించడం తేలికే. ట్యాంకు నుంచి ఇంజిన్‌కి వెళ్లే పైపుని ఫిల్టరు తరవాత కోసి సెన్సరు పెట్టడమే. లోపల ఓ చిన్న చక్రం, పెట్రోలు పారుతుంటే తిరుగుతుంది. ఆ చుట్లే లెక్క. కానీ పెట్టెలోంచి తీసిన వెంటనే నమ్మకండి. కొలత క్యానుతో 10 లీటర్లు పోసి అంతా కాల్చి చూస్తే ఇది 10.8 అంది. సరిచేసుకోవాలి. మరీ మెల్లగా పోతే చక్రం తిరగదు, సున్నా చూపిస్తుంది. ఇందాకటి 2.4 లీటర్లు నేను క్యానుతో కొలిచిందే, మీటరు చెప్పింది కాదు.

ఇప్పుడు నా కడుపుమంట వినండి. నేను బ్యాటరీని ఇంటికి తీసుకెళ్లి చార్జింగ్ పెడతాను. బ్యాటరీ తీసిన ప్రతిసారీ ఈ మీటరు లీటర్లు మర్చిపోయి గ్యాలన్లలోకి వెళ్లిపోతుంది. తేడా తెలియాలంటే స్క్రీను మూల ఓ చిన్న అక్షరం, ఎల్ ఉండాల్సిన చోట జి. ఎండలో అది కనపడితే ఒట్టు. ఆ రోజు బయల్దేరాను, గంటకి 2.2 చూపిస్తోంది. అబ్బో, ఎనిమిదిన్నర తాగేది రెండుకి దిగింది, నా డ్రైవింగే మారిపోయింది అనుకున్నాను. ట్యాంకులో పోసింది 25 లీటర్లు. అది 25 గ్యాలన్లనుకుని లెక్కపెడుతోంది. అంతర్వేది వైపు హాయిగా తిరిగాను. ఇంజిన్ ఒకసారి దగ్గింది, ఆగిపోయింది. పెట్రోలు పైపు మధ్యలో ఉండే రబ్బరు బల్బు నొక్కితే చేతిలో మెత్తగా అణిగిపోయింది, లోపల గాలే. మీటరు ఇంకా 18.4 ఉందంటోంది.

పైగా పాటు. నీళ్లు సముద్రం వైపు లాగుతున్నాయి. లంగరు వేశాను, మొదటిసారి పట్టలేదు, రెండోసారి బురదలో దిగింది. గంటన్నర కూర్చున్నాక వలల నావ ఒకటి వచ్చి తాడు కట్టి లాక్కొచ్చింది. ఆయన నా ట్యాంకు మూత తీసి, ఓ పుల్ల ముంచి, ఎండిన పుల్ల నాకు చూపించాడు. ఒక్క మాటా అనలేదండి. మీటరు రాకముందు నా దగ్గరా అలాంటి పుల్లే ఉండేది, ఐదు లీటర్లకో గాటు పెట్టుకుని. మీటరు వచ్చిందని ఇంట్లో పారేశాను.

కాబట్టి నా మాట ఇది. కొనొద్దు. స్నేహితుల్లో ఎవరికైనా ఉంటే ఓ నెల అరువు తెచ్చుకోండి. మీ బోటు ఏ వేగంలో కిలోమీటరుకి ఎంత తాగుతుందో నాలుగు అంకెలు రాసుకుని స్టీరింగ్ పక్కన అంటించుకోండి, తిరిగి ఇచ్చేయండి. ఆ అంకెలు మారవు, ఫ్యాను మారిస్తేనో, బరువు పెరిగితేనో, నీళ్లు ఎదురొస్తేనో, అడుగున నాచు పట్టితేనో తప్ప. ఆ ఒక్క స్క్రీను కోసం పదికి తొమ్మిది ఇచ్చేవాణ్ణి, ఆ జి అక్షరం కోసం నాలుగిస్తున్నాను. కంపెనీవాళ్లకి ఇదంతా రాసి పంపాను, చూద్దాం.

ట్యాంకు సంగతికొస్తే, మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకూడదు. నా పాతిక లీటర్లలో వెళ్లడానికి ఎనిమిదే. లీటరుకి మూడున్నర కిలోమీటర్లు వేసుకుంటే 28 కిలోమీటర్లు, అక్కడ తిప్పేస్తాను.

మీటరు ఈ వారంలో తిరిగి పంపాలి. అది వచ్చిన అట్టపెట్టె కనపడటం లేదు, మా పిల్లలు కుక్కపిల్లకి ఇల్లు కట్టారని తెలిసింది.