సెమిస్టర్ గడియారం, స్టూడియో గడియారం

అందరికీ నమస్కారం.

మీరు చాలాసార్లు చూసిన ఫొటోనే ఇది. ఒకవైపు వైస్ ఛాన్సలర్, ఇంకోవైపు కంపెనీ డైరెక్టర్, ఇద్దరి చేతుల్లో ఒక ఫైల్, చూపులు కెమెరా వైపు. కింద ‘ఎంఓయూపై సంతకాలు’ అని ఉంటుంది. అలాంటి ఫొటోల్లో నేనూ రెండు మూడుసార్లు వెనక వరసలో నిలబడ్డాను. యూనివర్సిటీలు, చిన్న స్టూడియోలు కలిసి పనిచేయడం గురించే ఈ రోజు నా మాటలు. ఆ ఫొటోల్లో ఒకదాని తర్వాత ఏం జరిగిందో ముందు చెబుతాను.

అదొక చిన్న యానిమేషన్ స్టూడియో. మొత్తం కలిపితే పన్నెండు మంది. మా యూనివర్సిటీ ఆఖరి సంవత్సరం విద్యార్థులు ఐదుగురు వాళ్లకొక పాత్రను తయారుచేసి ఇవ్వాలి. బొమ్మ చెయ్యాలి, దానికి కీళ్లు, కంట్రోల్స్ అమర్చాలి, నడిపించాలి. ఆ అమరికనే రిగ్ అంటారు. పిల్లలు కష్టపడ్డారు. వైవా రోజున తెర మీద ఆ పాత్ర చక్కగా నడిచింది, మేమంతా మెచ్చుకున్నాం, మార్కులు బాగానే వేశాం. ఫైల్ స్టూడియోకి వెళ్లింది.

అక్కడ సీనియర్ ఆర్టిస్ట్ ఒకావిడ దాన్ని తెరిచారు. కంట్రోల్స్ పేర్లు చూస్తే ‘కర్వ్ 1’, ‘కర్వ్ 1 కాపీ’, ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’. ఎడమ మోచేయి ఏదో, కుడి మోకాలు ఏదో లాగి చూస్తే తప్ప తెలియదు. రంగులు, బట్టల మీది డిజైన్లు ఒక విద్యార్థి లాప్‌టాప్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండిపోయాయి. స్టూడియోలో తెరిచేసరికి పాత్ర బూడిద పూసుకున్నట్టు నిలబడింది. ఆవిడ రెండు రోజులు కూర్చుని పేర్లు మార్చారు. మూడో రోజు విసుగొచ్చి మొత్తం మొదటినుంచీ తనే చేసుకున్నారు. మరుసటి ఏడు ఆ స్టూడియో మా దగ్గరికి రాలేదు.

ఇందులో పిల్లల తప్పు ఎంతని అడిగితే, నేను చూపించేది మార్కులు వేసినవాళ్లని. వాళ్లలో నేనూ ఉన్నాను. మేం వీడియో చూశాం తప్ప ఫైల్ తెరవలేదు. వైవా అయ్యాక దాన్ని మరొకరు తెరుస్తారన్న ఆలోచనే మాకు రాలేదు.

యూనివర్సిటీకి వైవాతో పని అయిపోయింది. స్టూడియోకి పని అక్కడే మొదలైంది. నాకు అర్థమైనంతవరకు గొడవంతా ఈ రెండు గడియారాల దగ్గరే ఉంది. స్టూడియోకి క్లయింట్ మంగళవారం ఫోన్ చేస్తాడు, శుక్రవారానికి కావాలంటాడు. ఆ వారం మా పిల్లలకి ఇంటర్నల్స్ ఉంటాయి. పని ఉన్నప్పుడు చిన్న స్టూడియోకి నేర్పే తీరిక ఉండదు, తీరిక ఉన్నప్పుడు చేతిలో డబ్బుండదు. పరిశోధన నిధికి దరఖాస్తు పెట్టి ఫలితం వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ఈలోగా ఆ స్టూడియో ఇంకో ప్రాజెక్టులోకి వెళ్లిపోయి ఉంటుంది, లేదా మూతపడి ఉంటుంది.

దీనికి చాలామంది చెప్పే పరిష్కారం, యూనివర్సిటీ కూడా పరిశ్రమ వేగంతో పరుగెత్తాలని. నేను ఒప్పుకోను. ఎందుకో ఒక సంగీతకారుడి కథ చెబుతాను. 1967లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో జాన్ చౌనింగ్ అనే స్వరకర్త కంప్యూటర్‌తో ధ్వనులు చేసి చూస్తున్నాడు. స్వరాన్ని వణికించే వేగాన్ని, లోతును విపరీతంగా పెంచుతూ పోతే ఒక దశ దాటాక వణుకు వినపడటం మానేసింది, ధ్వని స్వభావమే మారిపోయింది. గంటలాగా, ఇత్తడి వాద్యంలాగా కొత్త నాదాలు పుట్టాయి. అమెరికాలో ఆర్గన్లు తయారుచేసే కంపెనీలకి చూపిస్తే వద్దన్నాయి. ఆ యూనివర్సిటీ కూడా ఆయన్ని శాశ్వత ఉద్యోగంలోకి తీసుకోకుండా పంపించేసింది. చివరికి జపాన్‌లోని యమహా ఆ పద్ధతి లైసెన్సు తీసుకుంది, యూనివర్సిటీ ఆయన్ని వెనక్కి పిలిచింది. యమహా ఇంజనీర్లు ఏళ్ల తరబడి దాని మీద పనిచేశారు. 1983లో వచ్చిన డీఎక్స్7 కీబోర్డు ఆ దశాబ్దపు పాటల ధ్వనినే మార్చేసింది. లైసెన్సు మీద స్టాన్‌ఫర్డ్‌కి రెండు కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

1967 నుంచి 1983. పదహారేళ్లు. ఏ స్టూడియో అయినా ఒక ఆలోచనని పదహారేళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చోగలదా? వచ్చే నెల జీతాలెలాగన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లని ఆ మాట అడగటం కూడా తప్పే. ఆ నిదానం యూనివర్సిటీకి ఉన్న ఆస్తి. దాన్ని పారేసుకుని మనం చవక స్టూడియోగా మారితే ఇద్దరికీ నష్టం.

ఆ నిదానం ఒక ఊరికి ఎలా పనికొస్తుందో ఇప్పుడు చూద్దాం. స్కాట్లాండ్‌లో డండీ అనే ఊరిని ఒకప్పుడు జనపనార, జామ్, జర్నలిజం ఊరనేవాళ్లు. అక్కడి టైమెక్స్ ఫ్యాక్టరీలో వాచీలతో పాటు స్పెక్ట్రమ్ అనే చిన్న హోమ్ కంప్యూటర్లు కూడా తయారయ్యేవి. ఆ ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయిన డేవిడ్ జోన్స్ అనే కుర్రాడు, చేతికొచ్చిన పరిహారంతో ఒక కంప్యూటర్ కొనుక్కున్నాడు. అక్కడి టెక్నాలజీ కాలేజీలో చదువుకుంటూ, కంప్యూటర్ క్లబ్‌లో పరిచయమైన స్నేహితులతో కలిసి 1987లో డీఎంఏ డిజైన్ అనే గేమ్ కంపెనీ పెట్టాడు. ఆ కాలేజీయే తర్వాత అబర్టే యూనివర్సిటీ అయింది. 1997లో అది కంప్యూటర్ గేమ్స్‌లో డిగ్రీ మొదలుపెట్టింది. అదే ఏడాది డీఎంఏ నుంచి గ్రాండ్ థెఫ్ట్ ఆటో అనే గేమ్ వచ్చింది.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. నాకు ఆసక్తి ఆ తర్వాతి భాగం మీద. ఆ కంపెనీ చేతులు మారి ఎడిన్‌బర్గ్‌కి వెళ్లిపోయింది. జోన్స్ డండీలోనే పెట్టిన మరో పెద్ద కంపెనీ 2010లో కుప్పకూలింది. మామూలుగా అయితే ఊరి కథ అక్కడ ముగియాలి. ముగియలేదు. ఉద్యోగాలు పోయినవాళ్లలో కొందరు అక్కడే చిన్న చిన్న స్టూడియోలు పెట్టుకున్నారు. ఏటా కొత్త బ్యాచ్ బయటికొస్తూనే ఉంది. కంపెనీ ఊరు వదిలినా కోర్సు వదల్లేదు. 2018లో బ్రిటన్ ప్రభుత్వం సృజనాత్మక పరిశ్రమల కోసం తొమ్మిది క్లస్టర్లకు, అంటే యూనివర్సిటీలు, కంపెనీలు కలిసి పనిచేసే కూటములకు, నిధులిస్తే, గేమ్స్‌కి సంబంధించిన ఒకటి ఈ డండీకే వచ్చింది.

ఇప్పుడు చేయాల్సిన పని. మధ్యలో ఒక మనిషి కావాలి. పదవి పేరు ఏదైనా పెట్టుకోండి. వారంలో కొన్ని రోజులు స్టూడియోలో, కొన్ని రోజులు క్లాసులో ఉండే మనిషి, జీతం తీసుకుని ఉండే మనిషి. గెస్ట్ లెక్చర్‌కి పిలిచి శాలువా కప్పి పంపితే సరిపోదు. పీహెచ్‌డీ లేదని ఆ మనిషిని ఆపే నియమం ఉంటే, ముందు ఆ నియమం మార్చండి.

ఒప్పంద పత్రాల గురించి ఒక్క మాట. పన్నెండు మంది ఉన్న స్టూడియోకి ముప్ఫై పేజీల పత్రం పంపితే చదవటానికి వాళ్లకి లాయరు ఉండడు. రెండు పేజీలు చాలు. పని ఎవరిది, పేరు ఎవరికి, డబ్బు వస్తే ఎవరికెంత, విద్యార్థి తన పోర్ట్‌ఫోలియోలో చూపించుకోవచ్చా లేదా, అంతే. ఇంటర్న్‌షిప్ పేరుతో ఆరు నెలలు ఊరికే పని చేయించుకునే అలవాటు మీదా ఇక్కడున్న యజమానులు కాస్త ఆలోచించాలి. జీతం లేకుండా ఆరు నెలలు నెగ్గుకురాగలిగేది ఇంట్లో డబ్బున్న పిల్లలే. మిగతావాళ్లలో ఎంత ప్రతిభ ఉందో మనకెప్పటికీ తెలియదు.

ఫైల్ తెరిచిన ఆవిడ సంగతి చెప్పలేదు కదా. కొన్నేళ్లకి ఆవిడ ఆ స్టూడియో వదిలి సొంతంగా పని చేసుకుంటుంటే, వారానికి ఒకరోజు మా దగ్గరికి రమ్మని అడిగాం, జీతం మీదే. సెమిస్టర్ మొదటి వారంలోనే వచ్చారు. సిలబస్ పక్కన పెట్టి, అప్పటి ఫైలే తెర మీద పెట్టారు. దాన్ని ఆవిడ దాచుకున్నారని మాకు తెలియదు. క్లాసు వైపు తిరిగి ఒకటే అడిగారు: “ఎడమ మోచేయి ఏదో చెప్పండి.”

వెనక బెంచీలో కూర్చున్న నాకూ పది నిమిషాలు పట్టింది.