కాకతీయుల కాలంలో ఒక వారం: ఐదో తరగతి గదిలోంచి

[తెర మీద: పిల్లలు గీసిన బొమ్మలు. రాజు, కత్తి, ఏనుగు. మళ్లీ రాజు.]

నమస్తే. ఇవి మా ఐదో తరగతి పిల్లలు సోమవారం పొద్దున గీసినవి. "800 ఏళ్ల కింద మన ఓరుగల్లు ఎట్ల ఉండేదో గీయండి" అన్నాను. ఒక్క బొమ్మలోనూ వంట చేసే మనిషి లేదు. పొలం లేదు. తప్పు వాళ్లది కాదు. మనం చెప్పే పాఠమే అలాంటిది: గణపతిదేవుడు, రుద్రమదేవి, ప్రతాపరుద్రుడు, 1323లో ఢిల్లీ సేనలు, గంట కొట్టారు.

అట్టలతో కిరీటాలు చేయిద్దామని నాకూ అనిపించింది. మానుకున్నాను. కిరీటం ఒక్కరికే కదా, మిగతా తరగతంతా భటులై గోడకు నిలబడాలి. అందుకే కోట పక్కనపెట్టి వంటింట్లోంచి మొదలుపెట్టాం.

[తెర మీద: మధ్యాహ్న భోజనం పళ్లెం, దగ్గరగా.]

మంగళవారం పళ్లెం ముందు పెట్టుకుని ఒక ఆట. కాకతీయుల కాలంలో లేనివాటి మీద వేలు పెట్టాలి. పప్పులో టమాట? లేదు. ఆలుగడ్డ? లేదు. పచ్చిమిర్చి, ఎండుమిర్చి? అవీ లేవు. అన్నీ అమెరికా ఖండాల పంటలే. వాటిని మన దేశానికి తెచ్చిన పోర్చుగీసువాళ్ల ఓడలు ఇటు మొదటిసారి వచ్చింది 1498లో. అప్పటికి ఓరుగల్లు పడిపోయి 175 ఏళ్లు. మక్కజొన్న, పల్లీలు కూడా అంతే అనేసరికి గోల మొదలైంది.

"మరి గుడ్డు, టీచర్?"

ఉంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

మరి కారం ఎక్కడిది? వంటామె డబ్బాలోంచి మిరియాలు తెచ్చిచ్చింది. తలా ఒక గింజ కొరికారు, తలా ఒక రకంగా మొహం పెట్టారు. బోర్డు మీద పక్కపక్కనే రాశాను: మిరియం, మిరపకాయ. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. వెనక బెంచీలోంచి ఒకడు లేచి, "పాత గింజ పేరే కొత్త కాయకు పెట్టిన్రా?" అన్నాడు. ఆ రోజుకు నా పని అయిపోయింది.

[తెర మీద: తాటాకు, మసి చేతులు.]

బుధవారం తాటాకులు. తాటాకు మీద గీసి రాసే ఇనుప కలం, అదే గంటం, దొరకలేదు. ఇంకు అయిపోయిన బాల్‌పెన్నులతో గీయించాను. నూనెలో కలిపిన దీపం మసి రుద్ది తుడిస్తే అక్షరాలు నల్లగా తేలాయి. ఈనె వెంట గట్టిగా గీత లాగితే ఆకు చీలింది, గుండ్రంగా తిప్పితే నిలిచింది. మసి ఎక్కడెక్కడ అంటిందో మర్నాడు తల్లులు నాకు వివరంగా చెప్పారు.

[తెర మీద: ట్రేలో మట్టి చెరువు.]

గురువారం చెరువు. రామప్ప, పాఖాల, లక్నవరం మన పిల్లలు చూసినవే. అవి గొయ్యి తవ్వి కట్టినవనే అనుకుంటారు. కాదు. చుట్టూ గుట్టలున్న చోటు చూసి, నీళ్లు జారిపోయే పక్కన కట్ట వేయాలి. వదలడానికి తూము, పొంగితే పోవడానికి అలుగు. మా చెరువుకు అలుగు పెట్టడం నేను మరిచిపోయాను. చెంబెడు నీళ్లకే కట్ట తెగింది, హాజరు పుస్తకం తడిసింది. వంద మాటల్లో చెప్పినా అలుగు అంత బాగా అర్థమయ్యేది కాదు లెండి. చెరువు కట్టించినవాళ్లకు, బాగుచేసినవాళ్లకు దాని కింద భూమి ఇచ్చేవారు. దాన్ని దశబంధ మాన్యం అనేవారు. "మరి మనకెంత భూమి, టీచర్?" అని తడి చేతులతో అడిగారు.

[తెర మీద: తీరం బొమ్మ, మోటుపల్లి.]

శుక్రవారం సముద్రం దాకా వెళ్లాం. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది, అప్పట్లో పెద్ద రేవు. ఒక బెంచీని ఓడ చేసి, పెన్సిళ్లు సరుకు అనుకుని, తుఫానులో ముంచేశాం. పెన్సిళ్లు గదంతా దొర్లాయి. సరుకు ఎవరిది?

"దొరికినోళ్లదే!"

అంతకు ముందు రాజులూ అదే అన్నారు. పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు ఏమున్నా లాక్కునేవారు. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు: ఇక సుంకం తప్ప ఏదీ ముట్టం. ఎగుమతికైనా దిగుమతికైనా సుంకం 30వ వంతు. 30 పెన్సిళ్లు లెక్కపెట్టి ఒకటి తీసి పక్కన పెట్టించాను. అంతేనా అన్నారు. అంతే. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చేవాళ్ల సరుకు మనమే దోచుకుంటే మళ్లీ ఎవరొస్తారు అని అడిగితే, ఇందాక అరిచినవాళ్లే తలలు వంచుకున్నారు.

[తెర మీద: కిటికీ పక్కన పాత బిస్కెట్ డబ్బా.]

శనివారం నేను వచ్చేసరికి ఇది ఇక్కడ ఉంది. లోపల మూడు రబ్బర్లు, ఒక చెప్పు, విరిగిన స్కేలు. ఎవరివో పోయినవి, ఎవరికో దొరికినవి. మూత మీద మసితో రాసి ఉంది: మోటుపల్లి.