చెక్క, గుడ్డ, బోయింగ్

శ్రోతలకు నమస్కారం. విమానాల ఫ్యాక్టరీ అంటే మనకు ముందుగా గుర్తొచ్చేది లోహం. కానీ 1916లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టిన బోయింగ్ కంపెనీ మొదట పని చేసింది చెక్కతో, గుడ్డతో. అవును, చెక్కతో, గుడ్డతో!

విలియం బోయింగ్ కలప వ్యాపారి. నౌకాదళంలో పనిచేసే వెస్టర్‌వెల్ట్ అనే స్నేహితుడితో కలిసి, నీళ్ల మీద దిగే విమానం ఒకటి తలపెట్టాడు. లేక్ యూనియన్ ఒడ్డున, పడవల షెడ్డులో దాన్ని తయారుచేశారు. జూన్ 15న ఎగరేద్దామంటే పైలట్ రావడం ఆలస్యమైందట. బోయింగ్ ఆగలేక తానే ఎక్కి నడిపేశాడట!

ఇక నాకు ఇష్టమైన సంగతి, ఆ రెక్క. స్ప్రూస్ చెక్కను చిత్రిక పట్టి, సన్నటి పక్కటెముకల్లా వరసగా అమర్చేవారు వడ్రంగులు. దానికి నారబట్ట తొడిగేవారు. తొడిగితే సరిపోదు. రెక్క పైభాగంలో గాలి ఒత్తిడి తగ్గుతుంది, దాంతో బట్ట పైకి ఉబ్బుతుంది. అందుకని పొడుగాటి సూదితో పైబట్టనూ కిందిబట్టనూ ఆ చెక్కకు కలిపి కుట్టాలి. మా అమ్మ బొంత కుట్టేటప్పుడు సూది ఇటు దించి అటు లాగేది చూడండి, అచ్చం అదే పని. బోయింగ్ కుట్టుపని గదిలో ఆ సూది పట్టినవాళ్లూ ఆడవాళ్లే. ఒక్క కుట్టు వదులైతే గాల్లో ఉన్నవాడి ప్రాణం మీదికొస్తుంది. ఆ పైన డోప్ అనే వార్నిష్ లాంటిది పూస్తారు. అది ఆరేకొద్దీ, మంట దగ్గర కాచిన డప్పులా బట్ట బిర్రుగా బిగుస్తుంది.

మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళం 50 శిక్షణ విమానాలు కొంది. 1918లో యుద్ధం ఆగింది, ఆర్డర్లూ ఆగాయి. మరి వడ్రంగుల గతి? పడకగది సామాను చేశారు, పడవలు చేశారు. విమానాల కంపెనీ బీరువాలు అమ్ముకోవడమేమిటని నవ్వొచ్చు. నాకైతే ముచ్చటేసింది. పని తెలిసిన చేతుల్ని ఖాళీగా కూర్చోబెట్టలేదు కదా!

1919 మార్చి 3న కెనడాలోని వాంకూవర్ నుంచి ఆ కంపెనీ చెక్క విమానమే ఒకటి సియాటిల్ చేరింది. నడిపింది ఎడ్డీ హబ్బర్డ్, పక్కన బోయింగ్. వాళ్లు తెచ్చిన సంచిలో ఉన్నవి 60 ఉత్తరాలు.