సముద్రం ఒడ్డున ఖరీదైన భోజనం: కిటికీకి ఎంత, చేపకి ఎంత?

[తెర మీద: రాత్రి. అద్దాల గోడ పక్కన ఇద్దరు కూర్చునే టేబుల్. కొవ్వొత్తి.]

రాత్రి ఎనిమిదిన్నర. సముద్రం కనిపించే టేబుల్ కావాలని పది రోజుల ముందే బుక్ చేసుకున్నారు. వెళ్లి కూర్చున్నారు. అద్దంలోంచి చూస్తే ఏం కనిపిస్తుంది? మీ మొహమే! లోపల దీపాలు, బయట చీకటి ఉంటే కిటికీ కాస్తా నిలువుటద్దం అయిపోతుంది. నేను ఈ పని ఒకసారి కాదు, రెండుసార్లు చేశాను. రెండోసారి కనీసం జుట్టు సరిచేసుకున్నాను.

తీర నగరంలో పెద్ద రెస్టారెంట్‌కి వెళ్తే మనం రెండు కొంటాం. ఒకటి కిటికీ, రెండోది చేప. బిల్లు మాత్రం ఒక్కటే వస్తుంది. అందులో దేనికెంత కడుతున్నామో ముందే తేల్చుకుంటే, ఎక్కడ తినాలన్న ప్రశ్న సగం తీరిపోతుంది.

[తెర మీద: పగలు. తీరం వెంట వరసగా రెస్టారెంట్లు. కెమెరా మెల్లగా పక్క సందులోకి తిరుగుతుంది.]

ఒడ్డున స్థలం తక్కువ, అద్దె ఎక్కువ. ఆ అద్దె మన ప్లేటులోంచే రావాలి. పైగా అక్కడికొచ్చే వాళ్లలో చాలామంది ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు, మళ్లీ వస్తారో రారో. రెండు సందులు లోపలున్న హోటల్ అలా కాదు. అదే జనం మళ్లీ వస్తేనే అది బతుకుతుంది. ఒడ్డున మంచి వంటే దొరకదని అనడం లేదు. ఒకే డబ్బుకి లోపలి సందులో మంచి చేప దొరికే అవకాశం ఎక్కువ అంటున్నాను.

మిషెలిన్ స్టార్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మిషెలిన్ అనే టైర్ల కంపెనీ 1900లో కారు నడిపేవాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో మంచి రెస్టారెంట్లకి స్టార్లు ఇవ్వడం 1926లో మొదలైంది. ఒక స్టార్ అంటే దారిలో ఆగి తినొచ్చు, రెండంటే దారి మళ్లైనా వెళ్లొచ్చు, మూడంటే దాని కోసమే ప్రయాణం కట్టొచ్చు. పేరు చెప్పకుండా వెళ్లే మిషెలిన్ ఇన్‌స్పెక్టర్లు చూసేది ప్లేటులో ఉన్నదే. కిటికీకి, సోఫాలకి, షాండ్లియర్‌కి స్టార్‌లో వాటా లేదు.

[తెర మీద: ఐసు మీద చేప. కన్ను దగ్గరగా. తర్వాత మొప్పలు.]

ఇప్పుడు చేప దగ్గరికి వద్దాం. నాకు అసలు ఇష్టమైన భాగం ఇది.

తాజా సముద్రపు చేపకి నీచు వాసన రాదు. దాని ఒంట్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఉంటుంది, దానికి వాసన ఉండదు. చేప చచ్చాక బాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. ముక్కు మూసుకునేది దానికే. నిమ్మకాయ పిండితే అందులోని ఆమ్లం ఆ వాసనని పైకి లేవనివ్వదు. కాబట్టి తలుపు తీయగానే నీచు కొట్టిందంటే, ఎంత పెద్ద పేరున్న చోటైనా సరే, వచ్చిన దారినే వెళ్లిపోండి.

కొన్నిచోట్ల వండే ముందు చేపని తీసుకొచ్చి చూపిస్తారు. మొహమాటపడకుండా చూడండి. కన్ను ఉబ్బుగా, తేటగా ఉండాలి. మొప్పలు ఎర్రగా ఉండాలి. అప్పుడే బరువు, రేటు కూడా అడిగేయండి. మెనూలో అంకె లేకుండా 'మార్కెట్ రేటు' అని ఉంటే, లేదా 100 గ్రాములకి ఇంత అని ఉంటే, చేప మొత్తం ఎంత తూగిందో వినకుండా తలూపొద్దు. బిల్లు చూసి గుండె జారేది చాలావరకు ఇక్కడే.

అయితే 'పొద్దున పట్టిందే సార్' అన్నది ప్రతిసారీ గొప్ప మాట కాదు. జపాన్‌లో ఇకెజిమె అనే పద్ధతి ఉంది. చేప పెనుగులాడకముందే మెదడులో సూదిలాంటిది దించి చంపేస్తారు, వెన్ను నాడిని కూడా పాడుచేస్తారు. దాంతో కండ బిగుసుకోవడం ఆలస్యమవుతుంది. చల్లగా దాచితే రుచినిచ్చే పదార్థాలు మెల్లగా పెరుగుతాయి. అలాంటి చేపని కొందరు షెఫ్‌లు కావాలనే కొన్ని రోజులు ఆపి వడ్డిస్తారు.

పచ్చిగా తినే చేపని ఫ్రీజ్ చేశారంటే కూడా మొహం ముడుచుకోకండి. చేపలో ఉండే పురుగులు చావాలంటే −20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 7 రోజులు ఉంచాలని అమెరికా ఆహార నియమాలే చెబుతాయి. కొన్ని చేపలకి మినహాయింపులున్నాయి. ట్యూనా తింటుంటే కారం లేకపోయినా నాలుక చురచురలాడితే మాత్రం అక్కడే ఆపేయండి. చల్లదనం తప్పిన చేపలో హిస్టమిన్ అనే హాని చేసే పదార్థం పెరుగుతుంది, వండినా అది పోదు.

[తెర మీద: ఫోన్ పట్టుకున్న చెయ్యి.]

టేబుల్ బుక్ చేసేటప్పుడు ఒక్క ప్రశ్న వేయండి: 'ఈ వారం ఏ చేపలు వస్తున్నాయి?' మంచి చోట రెండు మూడు పేర్లు చెప్పి, ఫలానాది దొరకడం లేదని కూడా చెబుతారు. సముద్రం రోజూ ఒకేలా ఉండదు. తుఫాను వస్తే పడవలు కదలవు, గుడ్లు పెట్టే కాలంలో చాలా తీరాల్లో వేట ఆపేస్తారు. ఏడాది పొడుగునా 'మా దగ్గర అన్నీ ఉంటాయి' అంటే వాళ్ల సముద్రం ఫ్రీజర్‌లో ఉందన్నమాట!

డబ్బు కాస్త తగ్గాలంటే మధ్యాహ్నం వెళ్లండి. చాలా పెద్ద రెస్టారెంట్లు అదే వంటగదిలోంచి, అదే షెఫ్ చేతి మీదుగా, చిన్న మెనూని తక్కువ రేటుకి పెడతాయి. వెలుతురు ఉంటుంది కాబట్టి సముద్రం కూడా కనిపిస్తుంది.

[తెర మీద: సముద్రం మీంచి పైకొస్తున్న నిండు చంద్రుడు.]

లేదు, నాకు సాయంత్రమే కావాలంటారా? ముందు సముద్రం ఏ వైపుందో చూసుకోండి. పడమట ఉంటే సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు టేబుల్ పట్టండి. తూర్పున ఉంటే సూర్యుడు మీ వెనక మేడల్లోకి దిగిపోతాడు, ముందు ఏమీ కనపడదు. అక్కడ పౌర్ణమికి వెళ్లాలి. ఆ రోజు పొద్దు గుంకే వేళకే చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు. బుక్ చేసేటప్పుడే, మీ టేబుల్ దగ్గర దీపం కాస్త తగ్గించమని చెప్పండి.